షార్ట్ ఫిల్మ్‌లో మాట వినపడాలంటే: స్క్రిప్టు నుంచి స్పీకర్ దాకా

హైదరాబాద్‌లో ఏ కాలేజీ ఫెస్ట్‌లో షార్ట్ ఫిల్మ్‌లు చూసినా ఒక సంగతి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. బొమ్మకి వంక పెట్టలేం. చేతిలో ఉన్న ఫోనే 4కెలో తీస్తోంది, కలర్ పని లాప్‌టాప్ మీదే అయిపోతోంది. మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం హాల్లో జనం ముందుకి వంగి చెవులు రిక్కిస్తారు. కాసేపు ప్రయత్నించి, ఇక లాభం లేదని జేబుల్లోంచి ఫోన్లు తీస్తారు.

"మంచి మైకు లేదండీ" అన్నది తీసినవాళ్లు చెప్పే కారణం. చాలాసార్లు అది కారణం కాదు. 1,500 రూపాయల కాలర్ మైకుని సరైన చోట పెడితే, 50,000 రూపాయల షాట్‌గన్ మైకుని కెమెరా నెత్తిన బిగించినదానికన్నా మాట స్పష్టంగా వస్తుంది. అసలు తప్పులు షూటింగ్‌కి ముందే జరిగిపోతాయి. స్క్రిప్టు రాసేటప్పుడు ఏం వినపడాలో ఎవరూ అనుకోరు. లొకేషన్‌ని కళ్లతో చూసి ఖాయం చేస్తారు. ఈ రెండూ అయ్యాక మైకు చేతికొస్తుంది, అదీ నోటికి దూరంగా నిలబడుతుంది.

ఇంకో అపోహ కూడా ఉంది, అది మన సినిమా అలవాటు నుంచి వచ్చింది. 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చిన తొలి టాకీల కాలంలో మాటా పాటా అన్నీ సెట్లోనే, నటిస్తుండగానే రికార్డయ్యేవి. తర్వాత్తర్వాత మన పరిశ్రమ డబ్బింగ్‌కి అలవాటు పడింది. చాలా సినిమాలకి సెట్లో రికార్డయ్యేది పైలట్ ట్రాక్ మాత్రమే, అంటే తర్వాత డబ్బింగ్ చెప్పడానికి ఆసరాగా పనికొచ్చే ముతక రికార్డింగు. దాన్ని చూసి విద్యార్థులు "పెద్ద సినిమాలకే డబ్బింగ్ చెబుతారు, మనమూ చెప్పుకుందాం" అనుకుంటారు. పెద్ద సినిమాలో డబ్బింగ్ వెనక ఒక థియేటరు, పెదవులు చూసి అర ముక్క తేడా పట్టే ఇంజనీరు, అడుగుల చప్పుడు నుంచి చీర రెపరెప దాకా మళ్లీ పుట్టించే ఎఫెక్ట్స్ మనుషులు, చివర్లో మిక్సింగ్ ఉంటాయి. విద్యార్థి డబ్ చేసేది మాటలు మాత్రమే. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు మాయమైపోయి, మాటలు బొమ్మకి అతకకుండా గాల్లో తేలుతుంటాయి. కాబట్టి చిన్న సినిమాకి సింక్ సౌండే, అంటే నటిస్తున్నప్పుడే పట్టుకునే మాటే, చవకైన దారి. డబ్బింగ్ ఒకటి రెండు లైన్లకి అత్యవసర మందుగా ఉంటే చాలు.

కాగితం మీద సౌండ్

ఒక చిన్న కథ తీసుకుందాం. సూర్యాపేట నుంచి వచ్చి హైదరాబాద్‌లో పనిచేస్తున్న కుర్రాడి ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేదు. మూటాముల్లె సర్దుకుని ఎంజీబీఎస్ బస్టాండుకి వచ్చాడు, బస్సెక్కాలో వద్దో తేల్చుకోలేక కూర్చున్నాడు. అప్పుడు అమ్మ ఫోన్ చేస్తుంది.

మొదటి డ్రాఫ్టులో నూటికి తొంభై మంది ఏం రాస్తారో ఊహించడం కష్టం కాదు. కుర్రాడి ముఖం క్లోజప్, వెనక వాయిస్ ఓవర్: "ఉద్యోగం పోయి నెలన్నర అయింది. అమ్మకి ఎలా చెప్పాలో తెలియడం లేదు." కింద పియానో. సమాచారమంతా అందింది, కథ మాత్రం కదల్లేదు. ఎవరూ ఏమీ చేయలేదు, ఎవరికీ ఏమీ కొత్తగా తెలియలేదు.

ఇదే సీన్‌ని చెవితో రాస్తే ఇలా ఉంటుంది. అమ్మ వంటింట్లో మిక్సీ వేస్తోంది, ఫోను స్పీకర్‌లో పెట్టి ఉంది.

"యాడున్నవ్‌రా?"
"ఆఫీసులనే ఉన్న అమ్మా."

సరిగ్గా వినపడక ఆమె మిక్సీ ఆపుతుంది. ఇల్లు నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దంలో ఫోన్లోంచి, కొడుకు గొంతు వెనక నుంచి, సన్నగా వినపడుతుంది: "...సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ వెళ్లే బస్సు..." ఆమె ఒక్క క్షణం ఆగుతుంది.

"తిన్నవా?"
"ఆ, తిన్న."
"సరే. దిగంగనే ఫోన్ చెయ్యి. అన్నం వండి పెడ్త."

ఉద్యోగం పోయిందన్న మాట ఎవరి నోటా రాలేదు. అమ్మకి విషయం తెలిసింది, తెలిసిందని కొడుక్కీ తెలిసింది. కథని ముందుకు నడిపినవి మిక్సీ ఆగడం, ఒక అనౌన్స్‌మెంటు. ఈ రెండు చప్పుళ్లు తీసేస్తే సీనే లేదు. సౌండ్‌ని 'తర్వాత చూసుకుందాం' అనే పనిగా కాకుండా కథలో పాత్రగా రాయడమంటే ఇదే.

ఇలా రాయడం అలవాటవ్వాలంటే స్క్రిప్టు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు కనపడేది, కుడివైపు వినపడేది. కుడివైపు రాసిన ప్రతి చప్పుడుకీ మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఎవరికి వినపడుతోంది, ప్రేక్షకుడికా, పాత్రకా, ఇద్దరికీనా? విన్నాక వాళ్లకి కొత్తగా ఏం తెలిసింది? ఇది ఎప్పుడు ఆగుతుంది? మూడో ప్రశ్నని ఎవరూ పట్టించుకోరు. మన చెవి ఎడతెగని చప్పుడుని కాసేపటికి వినడం మానేస్తుంది, అది ఆగినప్పుడే మళ్లీ గమనిస్తుంది. మిక్సీ పని చేసేది అందుకే.

డైలాగుల విషయంలో రెండు మాటలు. పేజీకి నిమిషం అన్న లెక్క ఇంగ్లిష్ టైపు స్క్రీన్‌ప్లే ఫార్మాట్ నుంచి వచ్చింది, తెలుగులో చేత్తో రాసిన పేజీకి అది వర్తించదు. స్టాప్‌వాచ్ పట్టుకుని, చదువుతూ కాకుండా లేచి నిలబడి నటిస్తూ కొలవండి. రెండోది, పుస్తకభాష. "నేను కార్యాలయంలో ఉన్నాను" అని ఏ కొడుకూ తల్లితో అనడు. అలాంటి లైన్‌ని ఎంత మంచి నటుడైనా గొంతు తగ్గించి, సిగ్గుపడుతూ పలుకుతాడు, మైకుకి అందదు. నటుడికి తన ఊరి యాసలో చెప్పుకునే స్వేచ్ఛ ఇస్తే గొంతు దానంతటదే పెరుగుతుంది. సౌండ్ బాగుపడటానికి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు.

కళ్లు మూసుకుని లొకేషన్ చూడటం

లొకేషన్‌కి షూటింగ్ ఏ గంటకో అదే గంటకి, వీలైతే అదే వారం రోజున వెళ్లండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రికార్డర్ ఆన్ చేసి, 5 నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. మామూలుగా మెదడు వడపోసే చప్పుళ్లన్నీ మైకు వడపోయకుండా వినిపిస్తుంది.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో వినపడేవి కొన్ని ముందే చెప్పొచ్చు. పొద్దున పాట పెట్టుకుని వచ్చే చెత్త బండి. నల్లా నీళ్లు వచ్చే రోజైతే ఇంటింటా సంపు మోటారు. రికార్డు చేసిన గొంతుతో మైకులో అరిచే కూరగాయల బండి, పాత ఇనుప సామాన్ల బండి. పక్క ప్లాటులో రాయి కోసే కట్టర్. దగ్గర్లో గుడీ మసీదూ ఉంటే వాటి వేళలు కనుక్కుని షెడ్యూల్‌లో రాసుకోండి, ఆ పది నిమిషాలూ టీ బ్రేక్ ఇవ్వండి. బోనాలు, వినాయక నవరాత్రులు, పెళ్లి ముహూర్తాల రోజుల్లో కాలనీలో సాయంత్రం డైలాగ్ సీన్ పెట్టుకోవడం కోరి కష్టం తెచ్చుకోవడమే. ఎండాకాలం మొదలయ్యాక కోయిల ఒకటి తయారవుతుంది. వినడానికి బాగుంటుంది గానీ, ఒక షాట్‌లో కూసి పక్క షాట్‌లో కూయకపోతే కట్ దగ్గర తెలిసిపోతుంది.

ఆపగలిగినవాటిని ఆపేయండి. ఫ్రిజ్ ఆపేటప్పుడు మీ బండి తాళం అందులోనే పెట్టండి, ఇంటికి వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. ట్యూబ్‌లైటు చోక్ నుంచి, ఇన్వర్టర్ నుంచి సన్నగా వచ్చే గూంకారాన్ని రూమ్‌లో మనం పట్టించుకోం, రికార్డింగులో అది ప్రతి మాట కిందా ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ తప్పక ఆపాలి. మే నెలలో ఇది నటులకి శిక్షే, కాబట్టి డైలాగ్ షాట్లని పొద్దున 6 నుంచి 9 లోపు పెట్టి, ప్రతి టేక్ మధ్యా ఫ్యాన్ వేయండి.

చప్పుడుకన్నా మొండిది ఇంకొకటుంది, గది ప్రతిధ్వని. మన ఇళ్లలో నేల టైల్స్ లేదా గ్రానైటు, గోడలు నున్నటి ప్లాస్టర్, పైన శ్లాబు. మాట నోట్లోంచి ఒకసారి, గోడల నుంచి పదిసార్లు మైకుకి చేరుతుంది. గది మధ్యలో ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చివర 'ఝ్‌ఝ్' అని తోక వినపడితే ఆ గదిలో మాటలు ముద్దవుతాయి. మందు: టెంట్ హౌస్ నుంచి రెండు మూడు జంపఖానాలు అద్దెకు తెచ్చి ఫ్రేములోకి రాని నేలంతా పరవండి, కెమెరా వెనక గోడకి పరుపు నిలబెట్టండి, నటుడికి ఎదురుగా స్టాండ్ల మీద మందపాటి రగ్గులు వేలాడదీయండి. దీంతో పై స్థాయి, అంటే సన్నటి శబ్దాల ప్రతిధ్వని బాగా తగ్గుతుంది. గది బొంగురుదనం, అంటే కింది స్థాయి లోతైన శబ్దాల ప్రతిధ్వని, రగ్గులతో పోదు. అందుకే సామాను నిండిన బెడ్‌రూమ్, ఖాళీ హాలుకన్నా ఎప్పుడూ మెరుగు.

దూరమే అసలు సెట్టింగ్

సౌండ్‌లో ఒకే ఒక్క లెక్క గుర్తుంచుకోవాలంటే ఇది: నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 30 సెంటీమీటర్ల దగ్గరున్న మైకుని 2.4 మీటర్ల దూరంలో ఉన్న కెమెరా మీదకి మారిస్తే దూరం మూడుసార్లు రెట్టింపైనట్టు, అంటే 18 డెసిబెల్స్ నష్టం. గదంతా పరుచుకున్న ఫ్యాన్ హోరు, ప్రతిధ్వని మాత్రం ఇంచుమించు అంతే ఉంటాయి. గెయిన్, అంటే మైకు పట్టిన శబ్దాన్ని పెంచే మీట, పెంచితే మాటతో పాటు అవీ పెరుగుతాయి. ఎడిటింగ్‌లో ఎంత తంటాలు పడ్డా ఈ 18 డెసిబెల్స్ పూర్తిగా తిరిగి రావు.

షాట్‌గన్ మైకు దూరాన్ని దగ్గర చేస్తుందనుకోవడం పొరపాటు. దానికి ముందున్న పొడవాటి గొట్టం పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని తనలో తానే కొట్టేసుకునేలా చేస్తుంది, ఎదురుగా వచ్చేదాన్ని ఉంచుతుంది. ఆరుబయట ఇది చక్కగా పనిచేస్తుంది. చిన్న గదిలో నటుడి మాటే గోడలకి తగిలి అన్ని పక్కల నుంచీ గొట్టంలోకి దూరుతుంది, దాంతో గొంతు డొల్లగా మారుతుంది. గదుల్లో గొట్టం లేని చిన్న హైపర్‌కార్డియాయిడ్ మైకు, అంటే ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టేది, మేలు. అది దొరక్కపోతే షాట్‌గన్‌నే ఇంకా దగ్గరికి తీసుకురావాలి.

బూమ్‌ని, అంటే పొడవాటి కర్ర చివర బిగించిన మైకుని, ఫ్రేము అంచుకి పైన, నటుడి నోటి నుంచి 30–45 సెంటీమీటర్లలో, కాస్త ముందు నుంచి ఛాతీ వైపు చూసేలా పట్టుకోవాలి. కింది నుంచి పెడితే మైకు పైకి, ఫ్యాను వైపో ట్రాఫిక్ వైపో చూస్తుంది. బూమ్ పోల్ కొనే స్తోమత లేకపోతే పెయింటర్లు రోలర్‌కి తగిలించే పొడుగు కర్ర పెయింట్ షాపులో దొరుకుతుంది, దాని చివర రబ్బరు బ్యాండ్ల షాక్ మౌంట్, అంటే కర్ర అదురు మైకుకి చేరకుండా ఆపే పట్టు, బిగిస్తే పని నడుస్తుంది. పట్టుకున్న మనిషి వేళ్లు కదిపినా, ఉంగరం తగిలినా చప్పుడొస్తుంది. కేబుల్‌ని కర్రకి వదులుగా కాకుండా చుట్టి టేపు వేయాలి. బూమ్‌ని 'ఖాళీగా ఉన్నవాడికి' ఇచ్చే అలవాటు మన టీముల్లో పోవాలి. డైలాగులు కంఠతా వచ్చి, ఎవరి మాట ఎప్పుడొస్తుందో తెలిసి ముందే మైకు తిప్పేవాడికే ఆ పని ఇవ్వాలి.

వైడ్ షాట్లలో బూమ్ అందదు, అక్కడ కాలర్ మైకు. గడ్డానికి జానెడు కింద, ఛాతీ ఎముక మధ్యలో దాని చోటు. మెడకి మరీ దగ్గరగా పెడితే గడ్డం చాటు పడి మాట మూసుకుపోతుంది. మన దుస్తుల సంగతి విదేశీ ట్యుటోరియల్స్ చెప్పవు. పట్టు, పాలిస్టర్, గంజి పెట్టిన కాటన్ ప్రతి కదలికకీ గరగరమంటాయి, ఉతికి మెత్తబడిన నూలుబట్ట మౌనంగా ఉంటుంది. నల్లపూసలు, లాకెట్టు, చున్నీ అంచు నేరుగా మైకుని కొడతాయి. మైకుని బట్టకి కాకుండా చర్మానికి మెడికల్ షాపులో దొరికే పేపర్ టేపుతో అంటించి, పైన చిన్న దూది పొర వేసి, వైరుని వేలెడు చుట్టగా చుట్టి దాన్నీ టేపుతో బిగించండి, లాగినా చప్పుడు మైకు దాకా పోదు. మన కథలో అమ్మ పాత్రకి గాజులుంటాయి. తన మాట మీద తన గాజులే మోగకుండా, చేతులు కదిలే చోటు డైలాగుల మధ్యలో పడేలా రిహార్సల్‌లోనే చూసుకోవాలి.

ఇక బస్టాండు. అక్కడ చిత్రీకరణకి ఆర్టీసీ అనుమతి తీసుకోవాలి, తీసుకున్నా డైలాగ్ రికార్డు చేయడం దండగ. వైడ్ షాట్లని, నోరు కనపడని వెనక షాట్లని అక్కడ తీసి, క్లోజప్‌లని అలాంటి స్తంభాలూ గోడా ఉన్న నిశ్శబ్దమైన చోట, ఆదివారం కాలేజీ వరండాలో, తీయడం తెలివైన పని. ఒక చిక్కు మాత్రం ఉంది. రద్దీలో మనిషి తెలియకుండానే గొంతు పెంచి మాట్లాడతాడు, నిశ్శబ్దంలో అదే నటుడు గుసగుసగా చెబుతాడు. తర్వాత కింద బస్టాండు హోరు కలిపితే అబద్ధం బయటపడుతుంది. కుర్రాడి చెవిలో ఎలాగూ ఇయర్‌ఫోన్ ఉంటుంది కాబట్టి ముందే రికార్డు చేసిన బస్టాండు హోరుని అందులో వినిపించండి, గొంతు తనంతట తానే లేస్తుంది.

అంటే ఎంజీబీఎస్ హోరు షూటింగ్‌కి ముందే రికార్డయి ఉండాలి. మూడు చోట్ల, ఒక్కో చోట కనీసం 3 నిమిషాలు: ప్లాట్‌ఫారం దగ్గర, వెయిటింగ్ హాల్లో, బస్సులు బయటికి తిరిగే మలుపులో. టీ కొట్టు దగ్గర కూర్చోకండి. అక్కడ మోగే సినిమా పాట మీ ట్రాకులో పడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. అనౌన్స్‌మెంటుని అసలుదే వాడాలన్న పట్టుదల వద్దు, 'సూర్యాపేట' అన్న మాట అమ్మ ఆగిన క్షణంలోనే పడాలి. స్నేహితురాలి గొంతుతో రికార్డు చేసి, చిన్న స్పీకర్‌లో మెట్లదారిలో ప్లే చేసి, దాన్ని దూరం నుంచి మళ్లీ రికార్డు చేస్తే బస్టాండు గంభీరత వచ్చేస్తుంది.

షూటింగ్ రోజు

రికార్డర్ సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైల్. 44.1 సంగీత సీడీల లెక్క, వీడియోకి కాదు. రికార్డర్ మీటరులో సున్నా పై హద్దు. మాటల శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, అరుపులైనా మైనస్ 6 దాటకూడదు. రిహార్సల్‌లో అందరికన్నా గట్టిగా చెప్పే లైనుతో లెవెల్ పెట్టి, మరో 3 డెసిబెల్స్ తగ్గించండి, ఎందుకంటే యాక్షన్ అన్నాక నటులు తప్పకుండా పెంచుతారు. 24 బిట్‌లో కాస్త తక్కువగా రికార్డయితే నష్టం లేదు, పైకి తగిలి పగిలితే మాత్రం బాగుచేయడం దాదాపు అసాధ్యం. కొత్తగా వస్తున్న 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లలో ఫైలు పగలదు, నిజమే. మైకు గానీ, మధ్యలో ఉన్న వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ గానీ పగిలితే ఆ పగులు ఫైల్లో భద్రంగా ఉంటుంది.

ఆటో గెయిన్‌ని ఆఫ్ చేయాలి. అది వదిలేస్తే నటుడు ఆగిన ప్రతిసారీ యంత్రం గెయిన్ పెంచుకుంటూ పోయి, గది హోరు అలలా లేస్తుంది. మన కథలో మిక్సీ ఆగిన నిశ్శబ్దాన్ని చంపేది అదే. ఫోన్లోనే రికార్డు చేస్తుంటే ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి. వీడియోకి ఫ్రేమ్ రేట్‌ని లాక్ చేసే కెమెరా యాప్ వాడండి. మామూలు ఫోన్ కెమెరా ఫ్రేమ్ రేట్‌ని వెలుతురుని బట్టి మారుస్తుంటుంది, విడిగా రికార్డయిన మాట పెదవుల నుంచి జారిపోతుంది.

వినేవాడు ఒకడుండాలి, వైరున్న, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్‌తో. బ్లూటూత్‌లో మాట ఆలస్యంగా వస్తుంది, పైగా నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి మీరు వినాల్సిన చప్పుడునే దాచేస్తాయి. 'బాలేదు' అని చెప్పే అధికారం ఆ మనిషికి డైరెక్టర్ ముందే ఇచ్చి ఉండాలి. మన దగ్గర జూనియర్ నోరు తెరవడు, అన్న చెప్పాడు కదా అని ఊరుకుంటాడు, అక్కడ పోతుంది టేకు.

తర్వాత బొమ్మనీ మాటనీ కలపడానికి గుర్తుగా క్లాప్ కొట్టాలి; అది లేకపోతే ఫ్రేములో చేతులతో ఒక్క చప్పట, దానికి ముందు "సీన్ 2, షాట్ 3, టేక్ 1" అని గట్టిగా చెప్పడం. నోటుబుక్కులో ఫైలు నంబరు, ఏ టేకులో ఏ మాట మీద హారన్ పడిందో రాయండి. మిక్సీని నిజంగా ఆడించకండి. అమ్మ మీట నొక్కుతుంది, ఆపుతుంది, గొంతు పెంచి మాట్లాడుతుంది. చప్పుడుని విడిగా, ఆన్ చేయడం నుంచి ఆగేదాకా, మూడుసార్లు రికార్డు చేసుకుంటే దాన్ని ఎడిటింగ్‌లో ఎక్కడ ఆపాలో మీ చేతిలో ఉంటుంది.

ఫోన్ సంభాషణ తీసేటప్పుడు అవతలి పాత్ర వేసే నటుడు పక్క గదిలోంచి నిజంగా ఫోన్ చేయాలి. అసిస్టెంటు లైన్లు చదివితే ప్రతిస్పందన చచ్చుగా ఉంటుంది. షాట్ అయిన వెంటనే, పాత్రలో వేడి ఆరకముందే, కెమెరా ఆపి అవే లైన్లు మైకు దగ్గరగా పెట్టి మరోసారి చెప్పించండి. రెండు నిమిషాల పని, తర్వాత డబ్బింగ్ అవసరం లేకుండా పోతుంది. సామాను సర్దకముందు అందరూ కదలకుండా నిలబడి ఆ గది నిశ్శబ్దాన్ని 1 నిమిషం రికార్డు చేయాలి. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుంది, అది లేకపోతే కట్లన్నీ బయటికి కనపడతాయి.

ఎడిటింగ్ బల్ల మీద

డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. బొమ్మనీ మాటనీ సింక్ చేశాక, ఒక్కో పాత్రకి ఒక్కో ట్రాకు ఇవ్వండి. మాటల మధ్య ఖాళీలని మ్యూట్ చేయకుండా గది నిశ్శబ్దంతో నింపండి, ప్రతి అతుకు దగ్గరా రెండు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ (ఒక శబ్దం తగ్గుతుండగా రెండోది పెరగడం) వేయండి. 80 హెర్ట్జ్ కింద కోసేస్తే లారీల గుడగుడ, నేల అదురు పోతాయి. నాయిస్ రిడక్షన్ ఎంత వాడాలన్న దగ్గరే అందరూ తప్పు చేస్తారు. స్థిరంగా ఉండే హోరుని 6 నుంచి 10 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు, అంతకు మించితే మాట నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది. మాట మీద పడ్డ హారన్‌కి, కుక్క అరుపుకి అది పనికిరాదు, అక్కడ ఇంకో టేకులోంచి ఆ ముక్క తెచ్చి అతికించాలి.

కొడుకు గొంతు అమ్మ ఫోన్లోంచి వినపడే చోట 300 హెర్ట్జ్ కింద, 3,400 హెర్ట్జ్ పైన కోసేయండి. పాత టెలిఫోన్ లైను మోసింది ఆ మేరే, చెవి దాన్ని వెంటనే ఫోన్ అని గుర్తుపడుతుంది. బస్టాండు హోరుని కూడా అదే ఫిల్టర్‌లోంచి పంపాలి, లేకపోతే అది వంటింట్లోనే ఉన్నట్టుంటుంది. తర్వాత, అమ్మ ముఖం మీద ఉండగానే అసలు బస్టాండు హోరు ఫిల్టర్ లేకుండా నెమ్మదిగా లేచి, ఆపైన కుర్రాడి షాట్‌కి కట్ అయితే, ఆమె మనసు అక్కడికి వెళ్లిందని ప్రేక్షకుడికి అర్థమవుతుంది. మాట ముందు, బొమ్మ వెనక వచ్చే ఈ కట్‌ని జె-కట్ అంటారు. ఇంత ఉన్న చోట సంగీతం అక్కర్లేదు. తెచ్చుకున్న పియానో ముక్కని పక్కన పెట్టి ఒకసారి చూడండి.

ఎగుమతి లెవెల్ విషయానికొస్తే, యూట్యూబ్ సుమారు మైనస్ 14 లఫ్స్ (మొత్తం మీద ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) కన్నా గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది, మెల్లగా ఉన్నదాన్ని పెంచదు. కాబట్టి మైనస్ 16, మైనస్ 14 మధ్య ఉంచి, శిఖరాలు మైనస్ 1 దాటకుండా చూడండి. హెడ్‌ఫోన్స్‌లో, లాప్‌టాప్‌లో, ఫోన్ స్పీకర్‌లో మూడుచోట్లా వినండి. ఫోన్ స్పీకర్‌లో లోతైన గొంతులు పలచబడతాయి, అక్కడ కూడా అమ్మ చివరి మాట అందుతోందా అన్నదే పరీక్ష.

కాలేజీ సెమినార్ హాల్లో వేసేటప్పుడు ఒక వింత జరుగుతుంటుంది: ఇంట్లో బ్రహ్మాండంగా వినపడ్డ మాట అక్కడ పూర్తిగా మాయమై, హోరు మాత్రం మిగులుతుంది. చాలా హాళ్లలో సిస్టం మోనో, అంటే ఎడమ కుడి చానళ్లని కలిపేస్తుంది. బ్యాలెన్స్‌డ్ మైకు కేబుల్‌ని, అంటే ఒకే మాటని ఒక తీగలో సూటిగా, ఇంకో తీగలో తలకిందులుగా మోసేదాన్ని, అడాప్టర్‌తో 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్నులోకి నేరుగా గుచ్చి రికార్డు చేసి ఉంటే ఒక చానల్ తలకిందులుగా పడి ఉంటుంది, రెండూ కలిస్తే మాట సున్నా అవుతుంది. టైమ్‌లైన్‌ని ముందే మోనోలో పెట్టి వినండి. మాట పోతోందంటే డైలాగ్ ట్రాకులో ఒక చానల్‌ని తీసేసి, రెండోదాన్ని మధ్యకి తెచ్చి మళ్లీ ఎగుమతి చేయండి. కేబుల్ సంగతికొస్తే, కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఒక చానల్‌కి మాత్రమే సిగ్నల్ వెళ్లేలా వైరింగ్ చేసి ఇస్తారు.